ఎండకు కప్పిన చాపలు

జనరేటర్ ఆపేసిన మధ్యాహ్నం ఆజీ తింటున్న రొట్టె వదిలేసి దుకాణంలోకి వచ్చింది. ఆజీ అంటే మా నాన్నకు తల్లి. వైదామూ వాగు సముద్రంలో కలిసే చోట మా తాత ఆ దుకాణం పెట్టిన నాటి నుంచీ జనరేటర్ హోరులోనే ఆమె వంట చేసింది, పిల్లల్ని పెంచింది, ముసలిదైంది. ఫ్రీజర్ మూత మీద అరచెయ్యి ఆనించి నిలబడింది.

"ఆగిపోయిందా నీలా?"

"లేదాజీ, నడుస్తూనే ఉంది. కరెంటు కప్పు మీంచి వస్తోంది."

"మరి చప్పుడేదీ?"

"దీనికి చప్పుడుండదు."

"చప్పుడు లేకపోతే వచ్చిందో పోయిందో మనిషికెట్లా తెలుస్తుందే?"

మా ఊళ్ళో కరెంటంటే చప్పుడే. జనరేటర్ మోగుతుంటే తీగ జోలికి ఎవరూ పోరు. అది ఆగిందంటే తీగ చచ్చినట్టే. దాని మీద వలలు ఆరేసుకోవచ్చు, తడిగుడ్డతో బల్బులు తుడుచుకోవచ్చు. బడి మొహం చూడనివాళ్ళ చేతులకు కూడా ఈ ఒక్క పాఠం వచ్చు. ఇప్పుడా పాఠం తప్పయిపోయింది. ఆ సంగతి చేతులకు ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

కప్పు మీద సోలార్ పలకలు పెట్టించమన్నది నేనే. మా వంశంలో రాజధాని సువా దాకా వెళ్ళి చదివి పట్టా తెచ్చుకున్నదాన్ని నేనొక్కదాన్నే. డీజిల్ ఈ దీవికి పడవలో రావాలి. ఇక్కడ నవంబరులో మొదలయ్యే వానాకాలంలో పడవ రాకపోతే ఫ్రీజర్లలో మంచు కరిగేది. వాటిలో మా సరుకే కాదు, ఊరివాళ్ళు పట్టుకొచ్చిన చేపలు కూడా ఉండేవి. డిసెంబరులో ఒకసారి కుళ్ళిన చేపలన్నీ బండికెత్తి సముద్రంలో పారబోసి వచ్చాక, కప్పు మీద సోలార్ పెట్టిద్దామని నాన్నతో అన్నాను. నాన్న మారు ప్రశ్న వెయ్యలేదు. "చదువుకున్నదానివి. నీకు తెలియందేముంది," అన్నాడు. ఆ మాటకు గర్వపడాల్సింది. నాకు భయం వేసింది.

లంబాసా పట్నం నుంచి వచ్చిన పనివాళ్ళు వెళ్తూ వెళ్తూ ఒక మాట గట్టిగా చెప్పారు. సామాన్ల గదిలో గోడకున్న స్విచ్చి ఆపితే దుకాణానికి కరెంటు ఆగుతుంది. కానీ పలకల నుంచి స్విచ్చి దాకా వచ్చే తీగలో మాత్రం ఎండ ఉన్నంతసేపూ కరెంటు ఉంటుంది. నేనది నాన్నకు చెప్పాను, ఆజీకి చెప్పాను. ఇద్దరూ తలలూపారు. ఆ సాయంత్రమే నాన్న తడిసిన కోటు తెచ్చి ఆ తీగ పోయే గొట్టానికి తగిలించాడు.

ఆనాటి నుంచి నా పని కాపలా అయింది. చక్కెర తూస్తున్నా, సబ్బులు సర్దుతున్నా ఒక చెవి దుకాణం వెనకే ఉండేది.

విలిమోనే కనబడితే మరీ భయం. దుకాణం వెనక గట్టు మీద వాళ్ళ ఇల్లు. ఈ దీవి మూలవాసులు వాళ్ళు; ఆయన చేపలు పడతాడు. ఆయనా నాన్నా ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు కాబట్టి ఎంతెంత మాటలైనా చెల్లుతాయి. నాకు మావయ్య వరస. ఒక పొద్దున తడి వల భుజాన వేసుకుని మా నిచ్చెన ఎక్కుతూ కనిపించాడు.

"దిగు మావయ్యా. ఆ తీగ మీద వెయ్యకు."

"ఎందుకే? మీ తాత బతికున్నప్పటి నుంచీ నా వల ఇక్కడే ఆరుతోంది."

"అది జనరేటర్ తీగ. ఇది వేరు."

"సరే, ఆపెయ్ మరి. ఆరేసుకుని పోతా."

"దీన్ని ఆపాలంటే సూర్యుణ్ణి ఆపాలి."

ఆయన నిచ్చెన మీదే ఆలోచించాడు. "వెనకటికి దేవుణ్ణి అడిగి ఒకాయన ఆపాడని మా పాస్టరు చెప్పాడు. ఇప్పుడెక్కడున్నాడో కనుక్కోవాలి." తరవాత దుకాణంలోకి కేకేశాడు. "బావా, నీ కూతురు నన్ను నా తీగ దగ్గరికి రానివ్వడంలేదు. సువాలో నేర్పింది ఇదేనా?"

"నీలాంటివాళ్ళ నుంచి ఇల్లు ఎలా కాపాడుకోవాలో నేర్పారు లే బావా," అన్నాడు నాన్న లోపలి నుంచి.

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను నిచ్చెన లోపల పెట్టి తాళం వేశాను.

మార్చిలో రేడియో తుఫాను కబురు చెప్పింది. దానికేదో ఆడపేరు పెట్టారు.

"మగ తుఫానైతే నాలుగు అరుపులరిచి పోతుంది," అన్నాడు విలిమోనే, మా కప్పు మీదుగా తాడు విసురుతూ. "ఆడదయితే ఇల్లంతా సర్దిగానీ పోదు."

"సర్దేవాళ్ళు లేకపోతే నీ ఇంట్లో నీకు లుంగీ కూడా దొరకదు," అంది ఆయన భార్య లితియా. ఇసుక బస్తాలు ఆమే ఎత్తి అందిస్తోంది. "మాటలు తగ్గించి ముడి గట్టిగా వెయ్యి."

ఆజీ మాత్రం కప్పు మీది పలకల వంకే చూస్తూ నిలబడింది. "వాటిని విప్పించెయ్యి బిసున్. గాజు అది. ఎగిరి ఎవరి మీదైనా పడితే?" అంది నాన్నతో.

విప్పాలంటే లంబాసా నుంచి మనుషులు రావాలి. వంతెన అప్పటికే మునిగింది. నాన్న నా వైపు చూశాడు. బోల్టులు గట్టివేనని పనివాళ్ళు చెప్పిన మాటే నేను మళ్ళీ చెప్పాను.

చీకటి పడేలోగా లితియా మరోసారి గట్టు దిగి వచ్చింది. ప్లాస్టిక్ గుడ్డ ఉంటే కావాలంది. కూతురు లోసానా పెళ్ళి ఈస్టర్ తరవాత. దాని కోసం ఏడాదిగా అల్లిన చాపలున్నాయి, అంచులకు రంగురంగుల ఉన్ని కుచ్చులు వేసినవి. "ఇల్లు పోతే కట్టుకుంటాం నీలా. చాపలు తడిస్తే మగపెళ్ళివారి ముందు ఏం పరుస్తాను?" ఉన్న గుడ్డంతా ఇచ్చేశాను.

మేం ముగ్గురం సామాన్ల గదిలో తలుపేసుకున్నాం. అమ్మ పోయాక ఇంట్లో ముగ్గురమే. దుకాణానికి రేకుల కప్పు గానీ, వెనకనున్న ఆ గదికి సిమెంటు కప్పు. స్విచ్చి ఆపేశాను. బియ్యం బస్తాల దొంతర మీద కూర్చున్నాం. కాసేపటికి గాలి వచ్చింది. దాని గురించి నేను చెప్పగలిగింది తక్కువ. రేకులు లేచే మోతలో ఒక మోత వేరుగా ఉంది. గాజుదీ ఇనుముదీ కలిసిన మోత. మా తల మీదుగా ఏదో ఈడ్చుకుంటూ పోయి వెనక ఎక్కడో పడింది. ఆజీ నా చెయ్యి పట్టుకుంది.

గాలి తగ్గేసరికి కిటికీ కమ్మీలు మసకగా కనిపిస్తున్నాయి. వాగు గదిలోకి వచ్చేసింది. నీళ్ళు మోకాలి పైదాకా ఉన్నాయి, అట్టపెట్టెలూ చెప్పులూ తేలుతున్నాయి. ముందు తలుపు తెరిస్తే నీళ్ళు రోడ్డు మీదికి పోతాయన్నాడు నాన్న. ఆజీని బస్తాల మీదే కూర్చోమని చెప్పి, మేమిద్దరం ఆ నీళ్ళలో నడిచి దుకాణం దాటి బయటపడ్డాం. ముందు తలుపు తెరిచినా నీళ్ళు పోలేదు. రోడ్డు మీద కూడా అంతే ఎత్తున ఉన్నాయి.

దుకాణం చుట్టూ తిరిగి గట్టెక్కాం. దుకాణం పక్కన మా ఇంటికి కప్పు లేదు. విలిమోనే ఇల్లు నిలబడింది. వాళ్ళందరూ గడపలో ఉన్నారు. తూర్పున మబ్బు చీలింది. "ఎండొస్తోంది," అంది లోసానా. లితియా చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. రాత్రంతా ఎవరు దేన్ని వేడుకున్నారో అది వచ్చింది. అందరి మొహాలూ అటే తిరిగాయి.

నేను కిందికి చూశాను. కప్పు వెనకవాలు పలకలు వరసకు వరస ఊడి, సిమెంటు కప్పు మీదుగా జారి, గట్టు వాలు మీద వెల్లకిలా పడి ఉన్నాయి. ఒకటి రెండు పగిలాయి. మిగిలినవి కడిగినట్టున్నాయి. గాజువైపు తూర్పుకే. ముందువాలు పలకల తీగలు వేరు; వీటి నుంచి రెండు తీగలు బిగుసుకుని, సామాన్ల గది వెంటిలేటర్లోంచి లోపలికి పోయాయి.

జారుకుంటూ కిటికీ దగ్గరికి దిగాను. కమ్మీలు ముట్టుకోకుండా లోపలికి చూశాను. తీగలు స్విచ్చికి పైనే తెగిపోయాయి. తెగిన కొసలు రెండూ నీళ్ళలో ఉన్నాయి. అక్కడ నీళ్ళు సన్నగా బుడగలు వేస్తున్నాయి. అంతకు కాసేపటి ముందు నాన్నా నేనూ నడిచింది ఆ నీళ్ళలోనే. అప్పుడు వెలుతురు లేదు.

ఆజీ బస్తాల మీద బోర్లా వంగి ఆ బుడగల వైపు చెయ్యి చాపుతోంది.

"ఆజీ, చెయ్యి తియ్."

"చేపపిల్లలే నీలా. ఇక్కడికెలా వచ్చాయో చూడు."

"చేపలు కావు. పైకి జరుగు. కాలు కూడా కిందపెట్టకు."

నా గొంతులో ఏం వినిపించిందో గానీ చెయ్యి వెనక్కి తీసుకుంది. "పైకెక్కడికి జరగనే? బస్తాలు జారిపోతున్నాయి."

నిజమే. అడుగు బస్తాలు నాని కుంగుతున్నాయి. దొంతర మొత్తం ఒక పక్కకు ఒరిగి ఉంది. నాన్న అప్పటికే వెనక్కి తిరిగాడు, ముందు నుంచి వెళ్ళి ఎత్తుకొస్తానని. పరుగున వెళ్ళి చొక్కా పట్టుకున్నాను.

"నీళ్ళలో కరెంటుంది నాన్నా."

"జనరేటరే లేదు కదే. స్విచ్చి కూడా నువ్వే ఆపావు."

"నాన్నా, ఎండ."

ఆయన ఆకాశం వంక చూశాడు, పలకల వంక చూశాడు. పనివాళ్ళు చెప్పినప్పుడు ఊపిన తల ఇప్పుడు ఊపలేదు. "అమ్మ లోపలుంది," అన్నాడు, నాకు తెలియనట్టు.

విలిమోనే పడవ గెడ పట్టుకొచ్చాడు, కిటికీలోంచి తీగలు పైకి లాగేస్తానని. గెడ నీళ్ళోడుతోంది. ఊళ్ళో పొడి కర్ర ఒక్కటి లేదు. తీగ కొసలు మునిగిన పెట్టెల మధ్య చిక్కుకున్నాయి. వద్దన్నాను. ఎందుకని అడగలేదాయన. గెడ పారేశాడు.

"అయితే ఏం చెయ్యాలో చెప్పు."

"పలకలు కప్పాలి. వెలుతురు పడకూడదు. పలకల్నీ వాటి చట్టాల్నీ ఎవరూ ముట్టుకోకూడదు. పైనుంచి విసరాలి."

అరటిచెట్లన్నీ పడే ఉన్నాయి. ఆకులు నరికి గట్టు మీంచి విసిరాం. నేను కిటికీ దగ్గరికి పోయి చూశాను. బుడగలు పలచబడ్డాయి, ఆగలేదు. గాలికి చిరిగి పేలికలైన ఆకుల సందుల్లోంచి వెలుతురు దిగుతోంది. టార్పాలిన్లు కప్పులతో పాటే ఎగిరిపోయాయి. దుప్పట్లు ఇంత దూరం పరుచుకునేలా పడవు; ముద్దలా జారిపోతాయి. సూర్యుడు కొండ మీదికి పూర్తిగా వచ్చాడు. లోపల దొంతర మీద నుంచి ఒక బస్తా నీళ్ళలోకి పడింది. ఆజీ గోడను రెండు చేతులతో కరుచుకుని ఉంది. ఆమె మమ్మల్ని రమ్మని పిలుస్తూనే ఉంది. అది నన్ను అన్నిటికంటే భయపెట్టింది.

లితియా నా పక్కన నిలబడి పలకల వైపు చూస్తోంది. తరవాత ఇంటి వైపు తిరిగి కూతుర్ని పిలిచింది.

"లోసానా, పెద్దవి ముందు పట్టుకురా."

లోసానా కదల్లేదు. "ఏవమ్మా?"

"నీకు తెలుసు ఏవో."

మా ఊళ్ళో కొత్త పెళ్ళిచాప మీద పిల్లల్ని కూడా అడుగు వెయ్యనివ్వరు. లోసానా, తల్లీ కలిసి చుట్టలు మోసుకొచ్చారు. ప్లాస్టిక్ గుడ్డ విప్పితే పొడిగా, ఎండుగడ్డి వాసన వేశాయి. లితియా కుచ్చులున్న అంచు పట్టుకుని గట్టు అంచున నిలబడి దులిపి విసిరింది. ఊడిన పలక మీద చాప పరుచుకుని పడింది. ఇంకొకటి. దాని మీద ఇంకొకటి. నేసిన చేతులే విసరడం వల్లేమో, ఒక్కటీ పక్కకు పోలేదు. ప్లాస్టిక్ గుడ్డ కూడా వాటి మీదే పరిచి, విలిమోనే రాళ్ళు వేశాడు. ఎరుపూ పసుపూ కుచ్చులు బురదలో పడి ఉన్నాయి.

కిటికీలోంచి చూశాను. ఒక కొస దగ్గర నీళ్ళు నిలిచాయి. రెండో కొస దగ్గర ఒక బుడగ వచ్చింది. చాలాసేపు చూశాను. ఇంకొకటి రాలేదు.

కరెంటు పోయిందని చెప్పేందుకు నా దగ్గర కొలిచే పనిముట్టు ఏదీ లేదు. బుడగలు లేవన్నదొక్కటే తెలుసు. నేను ముందువైపుకు వచ్చేసరికి నాన్న దుకాణం మెట్టు మీద ఉన్నాడు. ఆయన కాలు లేచింది. నేను ఆయన్ను పక్కకు తప్పించి ముందు దిగాను.

నీళ్ళు చల్లగా ఉన్నాయి.

"రా నాన్నా," అన్నాను.

ఆజీని నాన్న వీపు మీద వేసుకున్నాడు. తెగిన తీగలకు నేను అడ్డం నిలబడ్డాను. బయటికి వచ్చి గట్టు మీద దించాక ఆమె మా ఇద్దరి మొహాలూ చూసింది. "పిలిస్తే పలకరు, రమ్మంటే రారు. అంతసేపు ఏం చూస్తూ నిలబడ్డారు?" అంది. నాన్న వాగులో మొహం కడుక్కుంటున్నట్టు అటు తిరిగి కూర్చున్నాడు. చాలాసేపటిదాకా ఇటు తిరగలేదు.

దారి తెరుచుకున్నాక లంబాసా నుంచి పనివాళ్ళు వచ్చి తీగలు తీసేశారు. ముందువాలు పలకలు చెక్కు చెదరలేదు. ఊరి చేపలన్నీ మళ్ళీ మా ఫ్రీజర్లలోకి వచ్చాయి. వెనకవాలు పలకలు మళ్ళీ వేద్దామా వద్దా అన్న దగ్గర నాన్న పనివాళ్ళను నీడలో కూర్చోబెట్టి ప్రశ్నలడిగాడు. కప్పు మీదే, పలకల పక్కనే తీగను ఆపే ఏర్పాటు చెయ్యమన్నాడు. తుఫాను కబురు రాగానే పలకలు విప్పి కిందికి దించడం మా చేతులకు నేర్పమన్నాడు. వాళ్ళు చెప్పింది అర్థంకానప్పుడు "మళ్ళీ చెప్పు" అన్నాడు. నా మాటకు కూడా ఇప్పుడు అంతే. మళ్ళీ చెప్పమంటాడు, ఎందుకంటాడు, అలా కాకపోతే అంటాడు. విసుగొచ్చినా హాయిగా ఉంటుంది.

చాపలకు బురద వదల్లేదు. క్షమాపణకూ కృతజ్ఞతకూ ఇక్కడ ఇచ్చే కావా వేళ్ళ కట్ట పట్టుకుని నాన్న గట్టెక్కి, వాళ్ళ పద్ధతిలో నేల మీద బాసింపట్టు వేసుకుని, తలవంచి లితియా ముందు పెట్టాడు. ఎప్పుడూ బావ మీద మాట విసిరే విలిమోనే ఆ రోజు ఒక్క హాస్యం ఆడలేదు. కట్ట అందుకుని, ఒప్పుకున్నట్టుగా చప్పట్లు చరిచాడు. పెళ్ళి ఆగస్టుకు మార్చారు.

ఊరి ఆడవాళ్ళంతా లితియా అరుగు మీద చేరి కొత్త చాపలు మొదలుపెట్టారు. ఆజీ పొద్దున్నే వెళ్ళి మొగలాకుల ముళ్ళు తీయడం నేర్చుకుంది. "ముసలామె ఆకు కన్నా వేలు ఎక్కువ గీస్తోంది," అని లితియా అంటే, "నీ వియ్యపురాలికి నా వేళ్ళే కలిపి అల్లి ఇవ్వు," అంటుంది ఆజీ. దుకాణంలో పని లేనప్పుడు నేనూ పోయి ఆకులు చీల్చేదాన్ని.

ఒకరోజు జల్లు పడి ఆగింది. మబ్బు తొలగింది. ఆకులారడానికి మంచి ఎండ వచ్చిందని ఆడవాళ్ళు సంబరంగా మోపులు వాకిట్లోకి మోశారు. నా చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. లేచి గట్టు అంచుకు పోయి కిందికి చూశాను. నాన్న దుకాణం గుమ్మంలో ఎవరికో ఉప్పు కడుతున్నాడు. విలిమోనే పడవలో నీళ్ళు తోడుతున్నాడు. ఆజీ అరుగు మీద లేదు. లితియా నన్ను చూసి ఇంటి పక్కకు చేత్తో చూపించింది. అక్కడ ఆజీ ఎండలో నిలబడి తడి చీర కొంగు పిండుకుంటోంది. ఆమె పొడి నేల మీదుగా నడిచి వచ్చి అరుగెక్కి కూర్చునేదాకా నేను కూర్చోలేదు.